తూకం చూపని మార్పు: జెండర్ ట్రాన్సిషన్‌లో శరీర కొలతలనూ రక్తపరీక్షలనూ చదవడం

హార్మోన్ థెరపీలో ఉన్న ట్రాన్స్ మహిళల (పుట్టినప్పుడు పురుషులుగా నమోదై, ఈస్ట్రోజన్ తీసుకునేవాళ్లు) బరువు సగటున 1.8 కిలోలు, ట్రాన్స్ పురుషుల (పుట్టినప్పుడు స్త్రీలుగా నమోదై, టెస్టోస్టెరాన్ తీసుకునేవాళ్లు) బరువు సగటున 1.7 కిలోలు పెరుగుతుందని 2017లో పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో తేలింది. బరువు మిషన్‌నే నమ్ముకుంటే ఇద్దరి శరీరాల్లోనూ ఒకటే జరిగిందనుకోవాలి. అదే విశ్లేషణలో లోపలి లెక్క చూడండి. ట్రాన్స్ మహిళల్లో కొవ్వు 3 కిలోలు పెరిగింది, కొవ్వేతర బరువు 2.4 కిలోలు తగ్గింది. ట్రాన్స్ పురుషుల్లో కొవ్వు 2.6 కిలోలు తగ్గింది, కొవ్వేతర బరువు 3.9 కిలోలు పెరిగింది. (ఇవి వేర్వేరు సగటులు కాబట్టి అణాపైసలతో సహా కూడవు.) రెండు శరీరాలు ఎదురెదురు దిక్కులకు నడిస్తే, తూకం రెండింటికీ దాదాపు ఒకే అంకె చూపించింది.

కొవ్వేతర బరువు అంటే కండ ఒక్కటే కాదు. నీరు, ఎముకలు, కాలేయం లాంటి అవయవాలు అన్నీ అందులోకే వస్తాయి. అందులో సుమారు 73 శాతం నీరే. హార్మోన్లు కండ కంటే ముందు నీటిని కదిలిస్తాయి. కొత్తగా థెరపీ మొదలుపెట్టినవాళ్లు మోసపోయేది ఇక్కడే: రెండో వారంలో కనిపించే పెరుగుదల కండ కాదు, ఆ వారంలో తగ్గిన కిలో కొవ్వూ కాదు.

ఈ వ్యాసంలో పదేపదే వచ్చే విభజన ఒకటుంది. కొన్ని అంకెలు శరీరం మీద నేరుగా కొలిచినవి: కిలోలు, సెంటీమీటర్లు, రక్తంలో ఒక పదార్థం ఎంత ఉందన్నది. వీటిని ముడి అంకెలందాం. మరికొన్ని ఆ ముడి అంకెలను ఏదో సూత్రంలో వేసి తేల్చినవి: కొవ్వు శాతం, రోజువారీ కేలరీల ఖర్చు, కిడ్నీల పనితీరు, 'నార్మల్' అనే ముద్ర. ఈ రెండో రకం అంకెల్లో చాలావాటి వెనక 'ఈ మనిషి స్త్రీయా, పురుషుడా?' అన్న ప్రశ్న ఉంటుంది. రెండింటికీ మధ్యలో మారుతున్న శరీరం కోసం ఆ సూత్రాలను ఎవరూ తయారుచేయలేదు. అందుకని ముడి అంకెలను దాచుకోవాలి. లెక్కతేలిన అంకెలను మాత్రం అవి ఏ ఊహ మీద నిలబడ్డాయో తెలుసుకున్నాకే పట్టించుకోవాలి.

స్మార్ట్ తూకం ఎక్కడ తడబడుతుంది

పాదాల కింద లోహపు పలకలుండే తూకం మిషన్లు శరీరంలోకి చాలా బలహీనమైన కరెంటు పంపి, దానికి ఎంత నిరోధం ఎదురైందో కొలుస్తాయి. నీరున్న కణజాలంలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. నిరోధాన్ని బట్టి నీటిని, నీటిని బట్టి కొవ్వేతర బరువును ఊహించి, మిగిలినదంతా కొవ్వని మిషన్ చెబుతుంది. ఈ ఊహకు ఎత్తు, వయసు, బరువుతో పాటు మీరు ప్రొఫైల్‌లో పెట్టిన లింగం కూడా కావాలి. శరీరంలో అణువంత మార్పు లేకపోయినా ప్రొఫైల్‌లో లింగం మార్చి మళ్లీ ఎక్కితే కొవ్వు శాతం మారిపోతుంది. చాలా మిషన్లలో ఈ తేడా కొన్ని శాతాల దాకా ఉంటుంది. అది ఏడాది హార్మోన్ థెరపీ తెచ్చే మార్పుతో సమానం కావచ్చు, అంతకు మించినా మించవచ్చు.

ఏ లింగం ఎంచుకోవాలి? ఏదైనా ఫర్వాలేదు, మధ్యలో మార్చకపోవడమే ముఖ్యం. తప్పు లింగం పేరు తెర మీద రోజూ కనిపించడం భరించలేనిదైతే మార్చుకోండి, అది న్యాయమైన కారణమే. మార్చే ముందు మూడు రోజుల పాటు ఉదయం పూట పాత ప్రొఫైల్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి వెంటవెంటనే తూగండి. సగటు తేడా రాసుకొని, పట్టికలో అక్కడ ఒక గీత గీయండి. గీతకు ముందున్న అంకెలనూ తర్వాతి అంకెలనూ నేరుగా పోల్చకూడదు. మిషన్ నిరోధాన్ని ఓమ్‌లలో చూపిస్తే ఆ ముడి అంకెను కూడా రాసుకోండి, దానికి ఏ లింగంతోనూ పని లేదు.

రెండో తడబాటు నీటి దగ్గర. ట్రాన్స్ మహిళల్లో టెస్టోస్టెరాన్‌ను అణచడానికి వాడే స్పైరనోలాక్టోన్ మూత్రాన్ని కూడా పెంచే మందు. టెస్టోస్టెరాన్, ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకం) రెండూ ఎంతో కొంత ఉప్పునూ నీటినీ శరీరంలో పట్టి ఉంచగలవు. నీరు పెరిగితే మిషన్ దాన్ని కండగా లెక్కేస్తుంది, తగ్గితే కొవ్వు పెరిగిందంటుంది. స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టిన వారంలో కొవ్వు శాతం ఎగబాకితే కంగారు పడాల్సిన పని లేదు. ఇంకొకటి: పాదాల పలకలు మాత్రమే ఉన్న మిషన్‌లో కరెంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోతుంది. చేతులు, ఛాతీ సంగతి అది కొలవదు, ఊహిస్తుంది. టెస్టోస్టెరాన్‌తో భుజాల్లో, చేతుల్లో వచ్చే మార్పును అలాంటి మిషన్‌లో వెతకడం అనవసరం.

బరువు ఒక్కటీ కావాలంటే మామూలు తూకం చాలు. ఉదయం లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో చూడాలి. రోజుకీ రోజుకీ కిలో, కిలోన్నర తేడా రావడం మామూలే కాబట్టి ఏడు రోజుల సగటును మాత్రమే వారం అంకెగా తీసుకోవాలి. నెలసరి ఇంకా వస్తున్న ట్రాన్స్ పురుషులు ఈ నెల సగటును పోయిన నెల అదే దశలో ఉన్న వారంతో పోల్చుకోవాలి.

టేపు: ఉన్నవాటిలో నమ్మకమైన పరికరం

మా అభిప్రాయంలో ట్రాన్సిషన్‌ను గమనించడానికి కుట్టుపని టేపు కంటే మెరుగైన ఇంటి పరికరం లేదు. సాగని టేపు తీసుకోండి. గుడ్డ టేపు పాతబడితే సాగుతుంది, ఏడాదికోసారి గట్టి స్కేలుతో సరిచూసుకోండి. నెలకు ఒకసారి చాలు. గట్టిగా వ్యాయామం చేసిన రోజూ, మర్నాడూ కొలవకండి, కండ ఉబ్బి ఉంటుంది.

అంకె చెడిపోయేది ఎక్కువగా చోటు మారడం వల్ల. నడుము కొలత బొడ్డు దగ్గర కాదు. పక్కటెముకల్లో వేలికి తగిలే చివరిదానికీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలిన చివరలో తీసుకోవాలి. పిరుదుల కొలతకు పాదాలు దగ్గరగా పెట్టి, పక్క నుంచి అద్దంలో చూస్తూ, ఎక్కువ బయటికొచ్చిన చోట టేపును నేలకు సమాంతరంగా చుట్టాలి. తొడను 'మధ్యలో' అని అంచనాగా కొలిస్తే ప్రతిసారీ మారుతుంది. మోకాలి చిప్ప పై అంచు నుంచి 20 సెంటీమీటర్లు పైకి కొలిచి గుర్తు పెట్టుకోండి. దండ కొలత భుజం ఎముక కొసకీ మోచేతి కొసకీ మధ్యన, చేయి వదులుగా వేలాడదీసి తీయాలి. పిక్కను మోకాలి కింద ముందువైపు తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్ల దిగువన, రెండు కాళ్లకూ కొలవండి. ఈ కొలత ఎందుకో కిందికి వచ్చాక తెలుస్తుంది. ఛాతీకి రెండు కొలతలు: రొమ్ముల కింద ఒకటి, ఎత్తైన చోట ఒకటి. బైండర్ (ఛాతీని చదునుగా బిగించే లోదుస్తు) వాడేవాళ్లు అది విప్పి కాసేపు ఆగాక కొలవాలి.

ప్రతి కొలతా రెండుసార్లు తీయండి. రెండింటికీ సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా ఉంటే మూడోసారి తీసి, దగ్గరగా ఉన్న రెంటి సగటు రాయండి. సెంటీమీటరు లోపు మార్పును ఒక్క నెల చూసి మార్పనుకోకండి. అదే దిక్కున వరుసగా మూడు నెలలు నడిస్తే అప్పుడు నమ్మవచ్చు.

నడుమును పిరుదులతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీద చాలామందికి మమకారం. ఆకారం ఎటు మారుతోందో చూడటానికి అది పనికొస్తుంది. ఆరోగ్యానికి కొలబద్దగా వాడితే మాత్రం రెండు చిక్కులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు స్త్రీలకు 0.85, పురుషులకు 0.90 కాబట్టి మళ్లీ పాత ప్రశ్నే ఎదురవుతుంది. రెండోది ఇంకా లోతైనది. ట్రాన్స్ మహిళల్లో ఈ నిష్పత్తి తగ్గేది ప్రధానంగా నడుము సన్నబడి కాదు, పిరుదులు పెరిగి. విభజనలో కింది అంకె పెరిగినంత మాత్రాన పొట్టలోని కొవ్వు కరిగినట్టు కాదు. గుండె, షుగరు జబ్బుల ముప్పు కోసమైతే నడుమును ఎత్తుతో భాగించండి. 0.5 లోపు ఉంచుకోవాలన్న హద్దు అందరికీ ఒకటే. ట్రాన్స్ అయినా, నాన్‌బైనరీ (స్త్రీ, పురుషుడు అన్న రెండు గడుల్లో ఇమడనివాళ్లు) అయినా, ఏ డోసులో ఉన్నా సూత్రం మారదు. ఇంత చిన్న లెక్క ఇంత నిష్పాక్షికంగా ఉండటం ఈ రంగంలో అరుదు.

కొవ్వు కదలదు, కొత్తగా చేరుతుంది

'పొట్ట కొవ్వు తొడల్లోకి దిగుతుంది' అనే మాట వినే ఉంటారు. కొవ్వు కణాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ప్రయాణించవు. హార్మోన్ మారాక కొత్త కొవ్వు ఎక్కడ నిల్వ అవ్వాలి, పాతది ఎక్కడి నుంచి ఖర్చవ్వాలి అన్న ఏర్పాటు మారుతుంది. యూరప్‌లోని పలు జెండర్ క్లినిక్‌లు కలిసి చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత ట్రాన్స్ మహిళల్లో కాళ్ల కొవ్వు 42 శాతం, పిరుదుల ప్రాంతంలో 34 శాతం, పొట్ట ప్రాంతంలో 18 శాతం పెరిగింది. పొట్ట దగ్గర కూడా పెరిగిందన్నది గమనించాలి. ఆకారం మారేది అన్నిచోట్లా పెరుగుదల సమానంగా లేకపోవడం వల్ల.

ఈ మార్పు మొదలవడానికి ఈస్ట్రోజన్‌తో 3 నుంచి 6 నెలలు, టెస్టోస్టెరాన్‌తో 1 నుంచి 6 నెలలు పడుతుంది. పూర్తి కావడానికి రెండేళ్ల నుంచి ఐదేళ్లు. నాలుగో నెలలో ఏమీ జరగడం లేదనిపిస్తే అది వైఫల్యం కాదు, క్యాలెండరు ఇంకా అక్కడికి రాలేదంతే. పెద్దవాళ్లలో ఎముకల చట్రం మాత్రం మారదు. భుజాల వెడల్పు, కటి ఎముక వెడల్పు అలాగే ఉంటాయి, వాటి మీది కండా కొవ్వే మారతాయి. రొమ్ముల పెరుగుదల గురించి కూడా అంచనా సరిగ్గా ఉండాలి. అదే యూరప్ బృందం లెక్కల్లో తొలి ఏడాది పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే జరిగింది, సగం మందికి దగ్గరగా అతి చిన్న బ్రా కప్పు సైజుకు కూడా చేరలేదు. డోసు ఎక్కువైతే రొమ్ములు ఎక్కువ పెరుగుతాయన్న నమ్మకంతో సొంతంగా మాత్రలు పెంచుకునేవాళ్లకు దక్కేది రక్తం గడ్డకట్టే ముప్పే.

కావాలని బరువు తగ్గి, మళ్లీ పెరిగి, కొవ్వును 'సరైన చోట' చేర్చుకోవాలనే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. వినడానికి తర్కంగానే ఉంటుంది. అది పనిచేస్తుందని చూపిన పరిశోధన లేదు. తగ్గే దశలో కండ పోతుంది, ఎముకలకు కావాల్సిన పోషణ తగ్గుతుంది, తినే అలవాట్లు చెదిరిపోయే ప్రమాదం తోడవుతుంది. బరువు స్థిరంగా ఉన్నా కొవ్వు పాతది పోతూ కొత్తది చేరుతూనే ఉంటుంది, ఏర్పాటు దానంతటదే మారుతుంది.

కేలరీల సూత్రంలో 166

విశ్రాంతిలో శరీరం రోజుకు ఎంత ఖర్చు చేస్తుందో చెప్పే మిఫ్లిన్ సూత్రాన్ని చాలా యాప్‌లు వాడతాయి. బరువు కిలోలను 10తో, ఎత్తు సెంటీమీటర్లను 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయాలి. చివరికి పురుషులైతే 5 కలపాలి, స్త్రీలైతే 161 తీసేయాలి. అంటే ఒకే బరువు, ఎత్తు, వయసులకు కేవలం లింగం గడి వల్ల 166 కేలరీల తేడా. హార్మోన్ మొదలైన రోజున శరీరం ఈ గడి దాటి ఆ గడిలోకి దూకదు. కండ ఎంత మారితే ఖర్చు అంత, నెలల మీద జరుగుతుంది.

రెండు విధాలుగా లెక్కేసి, మధ్య అంకెతో మొదలుపెట్టండి. మూడు వారాలు తిన్నది రాసుకుంటూ వారపు సగటు బరువు చూడండి. బరువు కదలకపోతే మీరు తిన్న సగటే మీ ఖర్చు. అప్పుడిక సూత్రంతో అవసరం లేదు. చేతి వాచీలు చూపే కేలరీలదీ ఇదే కథ. వాటి నుంచి విశ్రాంతిలోని గుండె వేగం, అడుగుల సంఖ్య లాంటి ముడి అంకెలు తీసుకుంటే చాలు.

బలం విషయంలో ముడి అంకెలు బాగా మాట్లాడతాయి. ఏడాదిలో చేతి పట్టు బలం ట్రాన్స్ మహిళల్లో సగటున 1.8 కిలోలు తగ్గితే, ట్రాన్స్ పురుషుల్లో 6.1 కిలోలు పెరిగిందని 2019 నాటి యూరప్ లెక్కలు. 2020లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో ట్రాన్స్ పురుషుల తొడ కండ 15 శాతం పెరిగింది. ట్రాన్స్ మహిళల్లో 5 శాతం తగ్గినా కాళ్ల బలం దాదాపు నిలిచింది. కాబట్టి వ్యాయామ పుస్తకంలో బరువులూ సార్లూ రాసుకునేవాళ్ల దగ్గర ఇప్పటికే మంచి కొలత ఉన్నట్టు. టెస్టోస్టెరాన్ తీసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త: కండ పెరిగినంత వేగంగా, దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలు గట్టిపడవు. 'మొయ్యగలుగుతున్నాను కదా' అని వారం వారం బరువు పెంచుకుంటూ పోతే మోచేయి, భుజం, మోకాలి దగ్గర నొప్పితో ఆగిపోవాల్సి వస్తుంది.

రక్తపరీక్షల రిపోర్టులో ఎర్ర గుర్తు ఎవరి కోసం

ల్యాబ్ రిపోర్టులో ప్రతి అంకె పక్కనా ఒక 'నార్మల్' శ్రేణి ఉంటుంది. ఫారంలో రాసిన లింగాన్ని బట్టి కంప్యూటర్ దాన్ని ఎంచుకుంటుంది. చాలా పరీక్షలకు ఇది పట్టదు. నాలుగైదింటికి మాత్రం బాగా పడుతుంది. అందులో మొదటిది హిమోగ్లోబిన్.

హిమోగ్లోబిన్‌ను నడిపించేది టెస్టోస్టెరాన్. దాన్ని అణిచిన ట్రాన్స్ మహిళల్లో నాలుగు నెలల్లోపే హిమోగ్లోబిన్ స్త్రీల శ్రేణికి దిగుతుంది. ఫారంలో 'పురుషుడు' అని ఉంటే 12.6 పక్కన ఎర్ర గుర్తు పడి, లేని రక్తహీనతకు ఐరన్ మాత్రలు మొదలవుతాయి. మెట్లెక్కితే ఆయాసం రావడానికి, పరుగు నెమ్మదించడానికి ఈ తగ్గుదలే ఒక కారణం. కండ తగ్గడానికంటే ముందే ఇది జరుగుతుంది. మరీ ప్రమాదకరమైనది ఎర్ర గుర్తు పడాల్సిన చోట పడకపోవడం. టెస్టోస్టెరాన్ మీద ఏడాదిగా ఉన్న ట్రాన్స్ పురుషుడికి హిమోగ్లోబిన్ 12.4 వచ్చిందనుకోండి. ఫారంలో 'స్త్రీ' అని ఉంటే రిపోర్టు దాన్ని నార్మల్ అంటుంది, ఎందుకంటే స్త్రీలకు హద్దు 12. పురుషులకు 13. ఆ శరీరానికి అది రక్తహీనతే. ఎక్కడో రక్తం పోతోందేమో, టెస్టోస్టెరాన్ అందడం లేదేమో వెతకాలి.

అటువైపు హెమటోక్రిట్ పెరగడం టెస్టోస్టెరాన్‌తో ఎక్కువగా కనిపించే దుష్ఫలితం. రక్తంలో ఎర్రకణాల వాటా అది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వెయ్యికి పైగా ట్రాన్స్ పురుషులను గమనించి 2021లో ప్రచురించిన లెక్కల్లో 11 శాతం మందికి ఇది 50 శాతం దాటింది. పెరుగుదల మొదటి ఏడాదే ఎక్కువ. 50 దాటితే కారణాలు వెతకడం, 54 దాటితే డోసు తగ్గించడమో ఆపడమో వైద్యులు చేసే పని. కారణాల్లో మార్చగలిగినవి చాలా ఉన్నాయి: పొగతాగడం, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, అధిక బరువు, ఎక్కువ మోతాదు ఒకేసారి పడే ఇంజెక్షన్లు. ఇంజెక్షన్ల నుంచి జెల్‌కు మారితే కొందరికి తగ్గుతుంది. నీళ్లు తాగకుండా పరీక్షకు వెళ్లినా ఈ అంకె పెరిగి కనిపిస్తుంది కాబట్టి, సరిగ్గా నీళ్లు తాగి మరోసారి చేయించాకే నిర్ణయాలు.

క్రియాటినిన్ కండ నుంచి వచ్చే వ్యర్థం. కండ పెరిగితే కిడ్నీలకు ఏమీ కాకపోయినా అది పెరుగుతుంది. దాన్నుంచి కిడ్నీల వడపోత వేగాన్ని తేల్చే 2021 సూత్రంలో లింగం గడి ఉంది. ముప్ఫై ఏళ్ల మనిషికి క్రియాటినిన్ 1.1 ఉంటే, పురుషుడన్న గడితో వడపోత 93 వస్తుంది, స్త్రీ అన్న గడితో 69. ఒకే రక్తం, ఒకే అంకె. ఒక ఫారం ప్రకారం ఆరోగ్యవంతుడు, ఇంకో ఫారం ప్రకారం కిడ్నీ అనుమానితుడు. ఇలాంటప్పుడు రెండు గడులతోనూ లెక్కేసి చూడాలి. మందుల మోతాదు దాని మీద ఆధారపడి ఉంటే కిడ్నీల పనితీరునే మరో పదార్థంతో చూసే సిస్టాటిన్-సి రక్తపరీక్ష అడగాలి. దానికి కండతో అంత సంబంధం లేదు.

స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లకు పొటాషియం పరీక్ష తప్పనిసరి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి. కొన్ని బీపీ మందులు, పొటాషియం క్లోరైడుతో చేసే 'తక్కువ సోడియం' ఉప్పు దీనికి తోడైతే పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. టెస్టోస్టెరాన్‌ను అణిచే మరో మందు సైప్రోటెరోన్‌ను ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డ వచ్చే ముప్పు పెరుగుతుంది. 2020లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీనిపై ఆంక్షలు విధించింది. రోజుకు 10 మిల్లీగ్రాములే సరిపోతాయన్నది ఇప్పటి అవగాహన. కొలెస్టరాల్‌లో టెస్టోస్టెరాన్ మంచిదైన హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, మాత్రల రూపంలో ఈస్ట్రోజన్ ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. వీటికి ఏడాదికో పరీక్ష చాలు.

హార్మోన్ స్థాయి: ఎంత అన్నది ఎప్పుడు అన్నదాన్ని బట్టి

2017 నాటి ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాల ప్రకారం ట్రాన్స్ మహిళల్లో ఈస్ట్రడయాల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాములు, టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలి. ట్రాన్స్ పురుషుల్లో టెస్టోస్టెరాన్ 400 నుంచి 700 నానోగ్రాములు, అదీ రెండు ఇంజెక్షన్లకు సరిగ్గా మధ్య రోజున కొలిచినప్పుడు. ఇంజెక్షన్ తీసుకున్న రెండో రోజు కొలిస్తే ఎక్కువగా, తర్వాతి ఇంజెక్షన్ ముందు రోజు కొలిస్తే తక్కువగా వస్తుంది. ఈ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి డోసు మార్చితే అది గాల్లో వేసిన లెక్క. నాలుక కింద పెట్టుకునే ఈస్ట్రడయాల్ గంటలో శిఖరానికి చేరి వేగంగా దిగిపోతుంది, కాబట్టి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, రక్తం ఎప్పుడు తీశారో రెండు సమయాలూ రిపోర్టు మీద రాసి పెట్టండి.

తప్పుడు అంకెలకు ఎవరికీ తట్టని రెండు కారణాలున్నాయి. జెల్ రాసుకున్న చేతి నుంచే రక్తం తీస్తే చర్మం మీది హార్మోన్ సూదిలోకి చేరి స్థాయి అసాధారణంగా ఎక్కువ చూపిస్తుంది. జెల్ రాయని చోటి నుంచి తీయించుకోండి. రెండోది బయోటిన్. జుట్టుకూ గోళ్లకూ మంచిదని వాడే మాత్రల్లో ఇది పెద్ద మోతాదులో ఉంటుంది. కొన్ని రకాల ల్యాబ్ పరీక్షల్లో ఇది ఈస్ట్రడయాల్, టెస్టోస్టెరాన్‌లను అబద్ధంగా ఎక్కువ చేసి, థైరాయిడ్ టీఎస్‌హెచ్‌ను అబద్ధంగా తక్కువ చేసి చూపుతుంది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపి, వాడుతున్న సంగతి ల్యాబ్‌కు చెప్పాలి.

రిపోర్టులు వేర్వేరు కొలమానాల్లో ఉంటే ఈస్ట్రడయాల్ పికోగ్రాములను 3.67తో గుణిస్తే లీటరుకు పికోమోల్స్ వస్తాయి. టెస్టోస్టెరాన్ నానోగ్రాములను 0.0347తో గుణిస్తే లీటరుకు నానోమోల్స్. ఈస్ట్రడయాల్ '400' అని చూసి భయపడేముందు కొలమానం చూడండి. పికోమోల్స్ అయితే అది సుమారు 109 పికోగ్రాములు, లక్ష్యం లోపలే.

ఎముకలు, పిక్కలు

ఎముకలను కాపాడేది స్త్రీ హార్మోనా, పురుష హార్మోనా అన్నది అంత ముఖ్యం కాదు. ఏదో ఒకటి చాలినంత ఉండాలి. చిక్కు వచ్చేది రెండూ లేని కాలంలో: అండాశయాలో వృషణాలో తీసేశాక మందులు మానేసినప్పుడు, లేదా ఈస్ట్రడయాల్ ఇవ్వకుండా టెస్టోస్టెరాన్‌ను అణిచే మందులే చాలాకాలం వాడినప్పుడు. ట్రాన్స్ మహిళల్లో కొందరికి హార్మోన్లు మొదలుకాకముందే ఎముకల సాంద్రత తక్కువగా ఉంటుందని తెలుసు. వ్యాయామం, ఎండ తక్కువగా దక్కడం ఇందుకు కారణాల్లో కొన్ని.

ఎముకల సాంద్రతను తక్కువ మోతాదు ఎక్స్‌రేతో కొలిచే డెక్సా స్కాన్‌లో ఫలితాన్ని రెండు స్కోర్లతో చెబుతారు. 2019 నాటి అంతర్జాతీయ నియమం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చే టీ-స్కోరును అందరికీ ఒకే స్త్రీ ప్రమాణంతో లెక్కించాలి. ఈడువాళ్లతో పోల్చే జెడ్-స్కోరును ట్రాన్స్ వ్యక్తుల జెండర్ ప్రకారం, నాన్‌బైనరీ వ్యక్తులకు పుట్టినప్పుడు నమోదైన లింగం ప్రకారం లెక్కించాలి. స్కాన్ గదిలోని సిబ్బందికి ఇది తెలియకపోవచ్చు, ముందే చెప్పి చేయించుకోవడం మేలు. అదే స్కాన్ కొవ్వు, కండల లెక్కకూ వాడొచ్చు. ఇక్కడ కొవ్వు కిలోలు ఎక్స్‌రే నుంచి వస్తాయి, లింగం గడి నుంచి కాదు. ఒకే మిషన్, ఒకే సమయం, కనీసం ఏడాది ఎడం పాటించండి. కిలో లోపు తేడాను లెక్కలోకి తీసుకోకండి.

ఇక పిక్కల కొలత. ఈస్ట్రోజన్‌తో, అందులోనూ మాత్రల రూపంలో, కాళ్ల లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. పొగతాగేవాళ్లలో, ఆపరేషన్ తర్వాత, ఎక్కువసేపు కదలకుండా కూర్చున్నప్పుడు ఇంకా ఎక్కువ. ఒక పిక్క రెండోదానికంటే 3 సెంటీమీటర్లు లావుగా ఉండటం వైద్యులు వాడే అనుమాన సూచికల్లో ఒకటి. మామూలు రోజుల్లో మీ రెండు పిక్కల తేడా ఎంతో పట్టికలో ఉంటే, ఒక కాలు హఠాత్తుగా వాచి, నొప్పి, వేడి ఉన్న రోజున నిమిషంలో పోల్చి చూడవచ్చు. తేడా తక్కువగా ఉన్నంత మాత్రాన గడ్డ లేదని కాదు, లక్షణాలుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దానితో పాటు ఊపిరి అందకపోవడం, ఛాతీలో పొడుస్తున్న నొప్పి ఉంటే ఒక్క క్షణం ఆగకూడదు.

కొలవడమే గాయమైతే

తినే అలవాట్ల రుగ్మతలు ట్రాన్స్ యువతలో మిగతావారి కంటే ఎక్కువ. శరీరం నచ్చకపోవడం, నెలసరి ఆగిపోవాలనో ఆకారం మారాలనో పస్తులుండటం దీని వెనక ఉంటాయి. రోజుకు రెండు మూడుసార్లు తూగడం, అంకె చూసి తిండి మానేయడం, కొలత బాగోలేదని ఇంటి నుంచి కదలకపోవడం మొదలైతే టేపూ తూకమూ పక్కన పెట్టేయాలి. ఈ సంగతి వైద్యుడికి చెప్పాలి. థెరపీ సురక్షితంగా సాగడానికి రక్తపరీక్షలు, బీపీ కావాలి. శరీర కొలతలు లేకపోయినా ఏమీ ఆగదు. క్లినిక్‌లో బరువు తప్పనిసరైతే తెరకు వీపు తిప్పి నిలబడి, అంకె పైకి చదవద్దని అడగడం మీ హక్కు.

కొలిచేవాళ్లు వైద్యుడి దగ్గరికి ఒకే ఒక్క కాగితం తీసుకెళ్లాలి. తొలి ఏడాది పరీక్షలు మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉంటాయి కాబట్టి నిలువు గడులు ఎన్నో అవ్వవు. మొదటి గడి హార్మోన్లు మొదలుకాకముందుది, దాన్ని ఖాళీగా వదిలితే తర్వాతివాటికి పోలిక ఉండదు. అడ్డు వరుసల్లో బరువు సగటు, నడుము, పిరుదులు, బీపీ, హిమోగ్లోబిన్, హెమటోక్రిట్, క్రియాటినిన్, పొటాషియం, హార్మోన్ స్థాయులు, రక్తం తీసిన సమయం ఉండాలి. ప్రతి ల్యాబ్ అంకె కింద ఫారంలో ఏ లింగం రాశారో ఒక్క అక్షరంతో గుర్తు పెట్టండి. అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో, మందు మారిన తేదీలు.